వీధంతా పెట్టిన సంతకాలు

జనవరి 9

అత్తయ్యకీ, పక్కనే కుర్చీలో కూర్చుని వింటున్న మామయ్యకీ, షాపు ముందు బల్ల మీద చేరిన వీధివాళ్ళందరికీ నమస్కారాలు.

నువ్వు కుట్టి పంపిన చొక్కాలు అందాయి. మెడ దగ్గర బిగువుగా ఉన్నాయి. నేనింకా మీ ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్తున్న రోజుల కొలతలే వేసినట్టున్నావు. ఆఫీసు కుర్చీలో కూర్చుని మెడ పెరిగింది అత్తయ్యా, జీతమే పెరగలేదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని నా గదిలో ఉండే స్నేహితుడు నవ్వుతుంటాడు. మా మామయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి, చూపు పోయినా వాక్యం చెవిన పడితేగాని ఆయనకు తృప్తి ఉండదు, అత్తయ్య పైకి చదువుతుంటే వీధి వీధంతా వింటుంది అని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. నీ షాపు చూస్తేగాని అర్థం కాదు.

అసలు సంగతి చెప్పనీ. మన ఊరి ప్లాన్ మా ఆఫీసుకే వచ్చింది. వచ్చే ఇరవై ఏళ్ళలో ఊరు ఎటు పెరగాలి, ఎటు పెరగకూడదు, నీళ్ళెక్కడి నుంచి రావాలి, రోడ్లెలా పోవాలి, అన్నీ గీయాలి. మొదటి మీటింగులో మా పెద్దసారు అందర్నీ ఒక్కొక్క మాట చెప్పమన్నారు. పెరిగే పిల్లలకి యూనిఫాం కుట్టేటప్పుడు మా అత్తయ్య లోపల మడత ఎక్కువ వదులుతుంది సార్, ఊరి చుట్టూ కూడా అలా కొంత నేల కట్టకుండా వదులుదాం అన్నాను. నవ్వారు గానీ రాసుకున్నారు.

భయం ఒకటే. పోయినసారి వేరే ఊరికి ప్లాన్ గీస్తే జనం దగ్గర్నుంచి వచ్చినవన్నీ తిట్లే. నా ఉద్యోగం ఇంకా టెంపరరీయే. ఈ ప్లాన్ గొడవ లేకుండా గట్టెక్కితే పర్మనెంటుకి రాస్తానని పెద్దసారు అన్నారు. అందుకని కాస్త దిగులుగా ఉంది.

మీ
పెన్సిలు


ఫిబ్రవరి 2

ఒరే పెన్సిలూ,

చొక్కా వెనక్కి పంపు, మెడ సరిచేస్తాను. నీ ఉత్తరం బల్ల దగ్గర రెండుసార్లు చదవాల్సి వచ్చింది. మొదటిసారి తాళాల మేస్త్రి లేడు, తర్వాత వచ్చి అలిగాడు. మునిసిపాలిటీ గుమాస్తా కూడా ఆ పూట ఇక్కడే కాలక్షేపం. మడత సంగతి దగ్గర మీ మామయ్య నన్ను ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదివించుకున్నాడు. నా కుట్టుపని ఊరి ప్లాన్‌లోకి ఎక్కిందంటే నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

ఊరి సంగతి అడక్కు. గోడౌన్లు, పెద్దాసుపత్రి, రెండు కాలేజీలు వచ్చాక ఊరికి ఊపిరాడటం లేదు. కుళాయి రోజు విడిచి రోజు. వానొస్తే మెయిన్ రోడ్డు మురికినీళ్ళన్నీ మన గుమ్మాల్లోనే. అద్దెలు వింటే గుండె ఆగుతుంది. లారీలు ఇరుక్కున్నప్పుడల్లా మోటారు సైకిళ్ళన్నీ మన వీధిలోకి దూరుతున్నాయి. పోయిన వారం ఒకడు మీ మామయ్య మోచెయ్యి గీరుకుంటూ పోయాడు. ఆయన పడలేదు, పిండిమర గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేనే మిషను వదిలి పరిగెత్తాను.

నీకు తెలుసుగా, ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేది ఈ ఒక్క వీధిలోనే. ఎడమ చెంపకి వేడి తగిలితే బేకరీ, కాళ్ళ కింద నేల అదిరితే పిండిమర, ఆకురాయి చప్పుడైతే తాళాల మేస్త్రి, నా మిషను వినిపిస్తే ఇల్లు. మలుపు దాటితే మాత్రం నా భుజం కావాలి. అది ఆయనకి చచ్చేంత నామోషీ. ఇంకొకరి భుజం పట్టుకుని తిరగడం కన్నా కుర్చీలో కూర్చోవడం నయం అంటాడు. అందుకే మలుపు దాటడం ఎప్పుడో మానేశాడు.

కాబట్టి నీ ప్లాన్‌లో ఏమున్నా లేకపోయినా మా వీధిలోకి బళ్ళు రాకుండా చూడు. నిన్నింకేమీ అడగను. నీ ఉద్యోగం గురించి దిగులు పెట్టుకోకు. తిట్లు రాసేవాళ్ళు వేరే వీధుల్లో ఉంటారేమో, మన వీధిలో లేరు.

మిషను దగ్గర్నుంచి,
అత్తయ్య


మార్చి 14

అత్తయ్యా, మామయ్యా,

ముసాయిదా ప్లాన్ బయటపెట్టాం. మీ మునిసిపాలిటీ ఆఫీసు వరండాలో పటాలు అంటించారు. ఈ నెలాఖరు దాకా జనం తమ అభిప్రాయాలు రాసి ఇవ్వచ్చు. ఆ తర్వాత వచ్చినవి చూడరు.

మా అత్తయ్యావాళ్ళు అక్కడే ఉంటారని నేనే ఆఫీసులో ముందుగా రాసిచ్చాను. అందుకని మన వైపు పటం నా దగ్గర్నుంచి తీసేసి వేరేవాళ్ళకి ఇచ్చారు. ఏ గీత ఎటు పోతుందో నేను ఇంట్లోవాళ్ళతో మాట్లాడకూడదు, మాట్లాడను. ఊరందరికీ చెప్పే మాటే మీకూ చెబుతున్నాను. వెళ్ళి పటం చూడండి. తర్వాత రాయండి. ఒకరిద్దరు కాదు, మన వీధిలో అందరూ రాయాలి. ఆ వీధి మీకెంత ముఖ్యమో రాయండి. నోరు విప్పనివాళ్ళని లెక్కలోకి తీసుకోరు. మొహమాటపడకండి. నా గురించి అసలు ఆలోచించకండి.

గోడౌన్ల వెనక ఖాళీ స్థలం ఇంకా అలాగే పడి ఉందా? ఊరికే గుర్తొచ్చి అడుగుతున్నాను. అది ఎందుకూ పనికి రాకుండా ఉందని మామయ్య ఎప్పుడూ అనేవాడు కదా, ఆ మాట కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

ఎండలు ముదురుతున్నాయి. మామయ్యని మధ్యాహ్నం బేకరీ వైపు వెళ్ళనివ్వకు.

పెన్సిలు


ఏప్రిల్ 6

పెన్సిలు బాబుకి,

పని అయిపోయింది. ఇక నిశ్చింతగా నిద్రపో.

నీ ఉత్తరం చదవగానే వీధిలో అందరికీ నీ అవస్థ అర్థమైంది. నా గురించి ఆలోచించకండి అని రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. చిన్నప్పుడూ అంతే, ఆకలిగా లేదన్నావంటే అన్నం పెట్టేయాల్సిందే. ముందు వెళ్ళి పటం చూసొద్దాం అని మన వీధి చివరింటి కాంపౌండరు అన్నాడు. మనవాడి ఆఫీసు గీసినదాన్ని మనం తనిఖీ చేస్తామా అని నేనే కసురుకున్నాను. పాపం నోరు మూసుకున్నాడు.

కాగితం మీ మామయ్య చెప్పాడు, నేను రాశాను. ఒక్కో వాక్యం పదిసార్లు మార్చించి నా ప్రాణం తీశాడు. 'మా ఊరి ప్లాన్ మా మనసుకి నచ్చింది. మా పిల్లల కాలానికి కూడా సరిపోయేలా గీశారు. ఇందులో ఏ గీత మీదా మా వీధివాళ్ళకి అభ్యంతరం లేదు.' ఈ చివరి వాక్యం చెప్పాక, ఇక దీన్ని ముట్టుకోకు అన్నాడు.

తర్వాత ఆయనేం చేశాడో చెబితే నమ్మవు. జేబులో పెన్ను పెట్టుకుని ఒక్కడే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. బేకరీ అతను పిండి చేతులతో పెట్టాడు. తాళాల మేస్త్రి, నేను సంతకం చేస్తే మీవాడికి నిజంగా పని జరుగుతుందా అని అడిగి మరీ చేశాడట. ఆఖర్న మీ మామయ్య తన సంతకం చేశాడు, అది అడ్డంగా పోయి నలుగురి పేర్ల మీద ఎక్కింది. కొత్త కాగితం మీద తిరగరాద్దామంటే ఒప్పుకోలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన ముఖంలో ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన మనిషి కళ చూశాను.

గుమాస్తా స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు, గడువు లోపలే. అన్నట్టు గోడౌన్ల వెనక స్థలంతో నీకేం పని? అక్కడ కుక్కలు కూడా తిరగవు.

స్వీట్లు ఎప్పుడు పంపుతావని అందరూ అడుగుతున్నారు.

అత్తయ్య


ఏప్రిల్ 21

అత్తయ్యా,

ఉత్తరం అందింది. అది వచ్చేసరికే మీ కాగితం మా ఆఫీసుకి చేరింది. పెద్దసారు మీటింగులో పైకి చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చివరి వాక్యం ఎవరు రాశారోగానీ బాగా రాశారు అన్నారు. మామయ్యకి చెప్పు.

నాకు ఒంట్లో అంత బాగాలేదు. మళ్ళీ వివరంగా రాస్తాను.

పెన్సిలు


జూన్ 11

పెన్సిలూ,

వివరంగా రాస్తానని రెండు నెలలు మాట్లాడలేదు. జ్వరం తగ్గిందా? ఇక్కడ ఒక పొరపాటు జరిగింది, త్వరగా చూడు.

సోమవారం మనుషులొచ్చి టేపులు పట్టుకుని వీధి కొలిచారు. గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టారు. మన షాపు మీద, బేకరీ మీద, పిండిమర మీద, రెండు వరసల్లోనూ ఒక్క గోడ వదల్లేదు. బస్టాండు నుంచి బైపాస్ దాకా లింకు రోడ్డట, మన వీధి మీదుగానే వెళ్తుందట. ఊరు పెరుగుతోంది కదమ్మా, ఎవరో ఒకరు జరగాలి కదా అన్నాడు గుమాస్తా. వాడు ఇన్నాళ్ళూ నా బల్ల మీద కూర్చున్న మనిషి.

మీ మామయ్యకి రంగు వాసన తగిలింది. ఏమిటని అడిగాడు. ఇళ్ళకి కొత్త నంబర్లు వేస్తున్నారని చెప్పాను. మనది ఎంత అన్నాడు. నోటికొచ్చిన అంకె చెప్పాను.

ఎవరో చూసుకోకుండా గీసి ఉంటారు. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి సరిపోయింది, రబ్బరు తీసుకుని తుడిపించెయ్. తాళాల మేస్త్రి నాలుగు రోజులుగా బల్ల దగ్గరికి రావడం లేదు. ఎదురుపడితే, మీవాడికి పని జరిగిందా అమ్మా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వెంటనే రాయి.

అత్తయ్య


జూన్ 20

అత్తయ్యా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదువుకో. బల్ల దగ్గర వద్దు. మామయ్యకి వద్దు.

అది పొరపాటు కాదు. వరండాలో అంటించిన పటంలో లింకు రోడ్డుకి రెండు దారులు చుక్కలతో వేసి ఉన్నాయి. ఒకటి మన వీధి మీదుగా, ఒకటి గోడౌన్ల వెనక ఖాళీ స్థలం మీదుగా. జనం ఎటువైపు ఎక్కువ అభ్యంతరం చెబుతారో చూసి, అది వదిలేసి మిగిలిన దారి ఖాయం చేయాలని ముందే అనుకున్నారు. గోడౌన్ల యజమానులు వకీలుని పెట్టుకుని కట్టలు కట్టలుగా అభ్యంతరాలు పంపారు. మన వీధి నుంచి వచ్చింది మీ కాగితం ఒక్కటే.

మీరు అభ్యంతరం రాయాలనే నేను అన్నిసార్లు రాయండి రాయండి అన్నాను. ఆ మాట విప్పి రాయడానికి ధైర్యం చాలలేదు. నువ్వు అందరి ముందూ పైకి చదువుతావు, గుమాస్తా వింటాడు, ఇంట్లోవాళ్ళకి నేనే చెప్పి రాయించానని ఆఫీసుకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. పటం చూస్తే మీకే తెలిసిపోతుంది కదా అనుకున్నాను. మీరు చూడకుండా ఉంటారని నాకు తట్టనే లేదు.

మీటింగులో కాగితం చదువుతున్నప్పుడు మామయ్య సంతకం గుర్తుపట్టాను. లేచి నిలబడి, వీళ్ళకి విషయం తెలియదు సార్, వీళ్ళు మావాళ్ళు అని చెప్పచ్చు. చెప్పలేదు. చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. ఆ సంగతి నీకు రాయకుండా ఉంటే బాగుండును, కానీ రాయకపోతే ఇంకెవరికి చెప్పను?

ఇప్పుడేమీ చేయడానికి లేదు. నేను పెద్దసారుని అడిగాను. సంపూర్ణ అంగీకారం ఇచ్చిన వీధిని ఇప్పుడు మారిస్తే గోడౌన్లవాళ్ళు కోర్టుకి వెళ్తారు అన్నారు. ఊరి చివర కడుతున్న బ్లాకుల్లో ఇళ్ళిస్తారు. నేను వచ్చి మామయ్యకి అన్నీ చెబుతాను.

నీ
మేనల్లుడు


జులై 3

మేనల్లుడికి,

రావద్దు. వచ్చినా ఆ మాట ఆయనకి చెప్పడానికి వీల్లేదు.

ఇల్లిల్లూ తిరిగి ఆ సంతకాలు పెట్టించింది ఆయన. వీధి పోయిందంటే తట్టుకుంటాడేమో, తన చేత్తో తీశానని తెలిస్తే తట్టుకోలేడు. పటం చూద్దామన్న కాంపౌండరు నోరు మూయించింది నేను. చప్పట్లు కొట్టింది నువ్వు. ఆ ముసలాయన మీద పడకుండా మనిద్దరమే మోద్దాం.

నీ ఉత్తరం వచ్చిందని ఆయనకి తెలుసు, పోస్టుమాను అడుగు ఎంత దూరంలో ఉన్నా పట్టేస్తాడు. ఏం రాశాడు, చదువు అన్నాడు. కాగితం చేత్తో పట్టుకుని నోటికొచ్చినది చదివాను. వాడికి జ్వరం తగ్గిందట, గీత మార్పించాలని ఎంతో పోరాడాడట, పైవాళ్ళు వినలేదట. చదివినంతసేపూ తల ఊపుతూ విన్నాడు. పాపం వాడొక్కడూ ఏం చేస్తాడు అన్నాడు. నేను కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టేశాను.

లోపల మడత వదలమన్నాను గానీ గుడ్డ మధ్యకి కత్తిరించమన్నానా? మన ఊరు పెరగద్దని ఎవరన్నారు? నీళ్ళు రావాలి, లారీలు పోవాలి, అన్నీ కావాలి. ఎవరూ తిరగని నేల అక్కడ పడి ఉండగా మనుషులున్న చోటే కత్తెర పెట్టారు. ఎందుకంటే అక్కడివాళ్ళు నచ్చలేదన్నారు, మేము నచ్చిందన్నాం. నవ్వుకోవడానికి కూడా ఓపిక లేదు.

ఇకనుంచి ఏం రాసినా నేనొక్కదాన్నే చదువుకుంటాను, ఆయనకి ఇలాగే కల్పించి చదువుతాను. బల్ల తీసేశాను. ఎలాగూ ఎవరూ కూర్చోవడం లేదు.

అత్తయ్య


జనవరి 28

అత్తయ్యా,

కొత్త ఇంటి చిరునామాకి ఇదే మొదటి ఉత్తరం. నువ్వు జవాబు రాయవని తెలిసి కూడా ఈ మధ్యలో రాస్తూనే ఉన్నాను. మామయ్యకి వాటి బదులు ఏం చదివి వినిపించావో తెలియదు.

నా ఉద్యోగం పర్మనెంటయింది. సంతోషమని చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా మీకు చెప్పకుండా దాచడం ఇంకా తప్పనిపించింది.

దీనితో ఒక పుస్తకం పంపుతున్నాను. మన ఊరి ప్లాన్ చిన్న నగరాలకి నమూనా అని అచ్చువేశారు. ఊరి చుట్టూ కట్టకుండా వదిలిన నేల దానిలో ఉంది, ఆకుపచ్చ రంగు వేశారు. దాన్ని చూసి నేను గర్వపడాల్సింది. మొదటి పేజీ తెరిచే ముందు నువ్వు కూర్చో. మీ కాగితాన్ని ఫొటో తీసి నిండుగా వేశారు. వద్దని చెప్పాను, ఎందుకు వద్దని అడిగారు, చెప్పలేకపోయాను. పుస్తకం పంపకపోయినా గుమాస్తా ద్వారా మీకు తెలుస్తుందని పంపుతున్నాను.

పెన్సిలు


ఫిబ్రవరి 17

పెన్సిలూ,

చాలా రోజుల తర్వాత నీకు జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

ఈ బ్లాకు సంగతి ముందు చెప్పాలి. మూడో అంతస్తు. అన్ని వరండాలూ ఒకటే, అన్ని తలుపులూ ఒకటే చప్పుడు. ఎక్కడా ఏ వాసనా లేదు. వచ్చిన కొత్తలో మీ మామయ్య ఒక్కడే వరండాలోకి వెళ్ళి, తిరిగొస్తూ ఎవరింట్లోకో వెళ్ళిపోయాడు. ఆ ఇంటావిడ కేకలు పెట్టింది. ఆ రోజు నుంచి కుర్చీ దిగలేదు. నేను పని లేకపోయినా మిషను తొక్కుతూ కూర్చుంటాను, ఇల్లెక్కడో ఆయనకి తెలుస్తుందని. బేకరీ అతను పొయ్యి పెట్టుకోవడానికి ఇక్కడ ఒప్పుకోరట, ఎవరి దగ్గరో కూలికి వెళ్తున్నాడు. పిండిమర అమ్మేశారు. మనవాళ్ళంతా తలో బ్లాకులో పడ్డారు. కనబడితే మొహం తిప్పుకుంటారు.

నీ పుస్తకం వచ్చినరోజు దాచేద్దామనే అనుకున్నాను. ఆయన విన్నాడు, బరువుగా ఉందే, పుస్తకమా అన్నాడు. ప్లాన్ అచ్చేశారట అన్నాను. మన కాగితం ఎక్కడైనా వేశారా అని అడిగాడు. లేదనచ్చు. నెలల తరబడి అబద్ధాలు చదివి చదివి నాకు విసుగొచ్చింది. వేశారన్నాను. మొదటి పేజీలోనే అన్నాను. నా సంతకం ఎక్కడుందో చూపించు అన్నాడు. ఆయన వేలు పట్టుకుని ఆ నున్నటి కాగితం మీద పెట్టాను. అక్కడే ఉంచుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఈ ఇంటికొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

తర్వాత, కింద ఏమైనా రాశారా అన్నాడు. ప్రెస్సులో పనిచేసిన మనిషి, బొమ్మ కింద మాట ఉంటుందని ఆయనకి తెలుసు. చదివాను. 'రోడ్డు దారిలో ఉన్న వీధి ప్రజలు తెలిపిన సంపూర్ణ అంగీకారం.' మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. నవ్వు పోయింది. అభ్యంతరం లేదన్న వాక్యం నాదే కదా, నువ్వు తీసేద్దామన్నా నేనే ఉంచాను కదా అన్నాడు. నేను తీసేద్దామన్నట్టు గుర్తులేదురా, ఆయనే నా మీద దయతో అన్నాడేమో.

ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు.

"ఈ మధ్య వాడి ఉత్తరాలు నీ మాటల్లా ఉంటున్నాయి. వాడు ఏ వాక్యమైనా ముందుకి రాసి వెనక్కి సర్దుకుంటాడు. నువ్వు చదివేవాటిలో తడబాటే లేదు. నిజమైనవి చదువు."

అన్నీ తీశాను. జూన్‌లో రాసినదాని దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్క ముక్క వదలకుండా చదివాను. చప్పట్ల సంగతి కూడా. మామూలుగా ఆయన నన్ను పది చోట్ల ఆపుతాడు, ఈసారి ఎక్కడా ఆపలేదు. నేను ఏడుస్తూ చదివాను, ఆయన ఏడవలేదు. భోజనం మాత్రం చేయలేదు.

మర్నాడు పొద్దున్నే చెప్పులు అడిగాడు. కుర్చీలోంచి లేచి చెయ్యి చాపి, నీ భుజం ఇవ్వు అన్నాడు. ఆ చెయ్యి అలా నా వైపు చాచడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. ఎక్కడికని అడిగాను.

"సంతకాలు తెచ్చినవాణ్ణి నేను. ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్పాలి."

ముందు తాళాల మేస్త్రి దగ్గరికే వెళ్ళాం. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాడు. నీ ఉద్యోగం గురించీ, పటం చూడకపోవడం గురించీ, తన వాక్యం గురించీ. మేస్త్రి ఆకురాయి పని ఆపలేదు. అంతా అయ్యాక, జాగ్రత్త, ఇక్కడ గడప ఎత్తు అన్నాడు. అంతే. బేకరీ ఇంట్లో ఆవిడ సగం విని తలుపు వేసేసింది. మూసిన తలుపుకి మిగతా సగం చెప్పి వచ్చాడు. మర్నాడు మళ్ళీ చెప్పులు అడిగాడు. రోజూ వెళ్తున్నాం. వచ్చి పడుకుంటే కాళ్ళు వాచి ఉంటున్నాయి, మానేద్దామంటే వినడు.

నీ మీద నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అది కూడా నా కల్పనే అవుతుంది. నీ ఉద్యోగం ఖాయమైందని ఆయన అందరి గుమ్మాల దగ్గరా చెబుతున్నాడు, వాడికైనా పని జరిగింది అని. ఆ మాట అనద్దని ఎలా చెప్పను?

ఇంకా చాలా ఇళ్ళు మిగిలాయి. అన్నీ పై అంతస్తుల్లోనే. సెలవు పెట్టి రా. మెట్ల దగ్గర ఆయనకి రెండు పక్కలా మనిషి కావాలి. ఒక పక్క నేనున్నాను.

అత్తయ్య